మేడ్చల్, శామీర్‌పేట బడులలో ఆంగ్ల కావ్యనాటకాలు: ఒక చారిత్రక పరిశీలన

హైదరాబాదు నగరం ఉత్తర దిశగా పెరిగిన మేర రెండు పాత ఊళ్ళు కనిపిస్తాయి. నాగపూరుకు పోయే జాతీయ రహదారి మీద మేడ్చల్ ఉంది, కరీంనగరుకు పోయే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉంది. అవుటర్ రింగు రోడ్డు ఈ రెంటినీ కలుపుతుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఇవి భాగాలు. అంతకుముందు 1978 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల నేడు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ హైదరాబాదు ప్రాంగణం, జీనోమ్ వ్యాలీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. వాటితోపాటే బడులూ పెరిగాయి. అంతర్జాతీయ పాఠ్యప్రణాళికలు అనుసరించే ఆవాస పాఠశాలలు, ఐ.సి.ఎస్.ఇ., సి.బి.ఎస్.ఇ. బడులు, తక్కువ ఫీజుల ప్రైవేటు బడులు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు, గురుకులాలు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పక్కపక్కన నడుస్తున్నాయి.

ఈ బడులన్నింటిలో రెండు విషయాలు ఉమ్మడిగా ఉన్నాయి. 2018లో తెలంగాణ శాసనసభ చేసిన చట్టం వల్ల ఏ బోర్డుకు చెందిన బడిలోనైనా తెలుగు తప్పనిసరి బోధనాంశమైంది. 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడులలో 1 నుంచి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. ఒక పుట తెలుగులో, ఎదుటి పుట ఇంగ్లీషులో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఆ తరగతుల పిల్లల చేతికి వచ్చాయి. అంటే ఇంగ్లీషు బడిలో తెలుగు పంతులు ఉన్నాడు, తెలుగు పల్లె బడిలో ఇంగ్లీషు పుట ఉంది. ఆంగ్ల కావ్యనాటకాలు 6, 7, 8 తరగతుల పిల్లలకు ఏ దారిన చేరాలన్న ప్రశ్న ఇంతకాలం ఆంగ్ల శాఖలదిగా ఉండిపోయింది. తెలుగు శాఖలు దాన్ని పట్టించుకోలేదు. నూట యాభై ఏళ్ళ చరిత్రను పరిశీలిస్తే ఈ పంపకం సరైనది కాదని తేలుతుంది. ఆంగ్ల కావ్యం తెలుగు పిల్లవాడికి పట్టుబడిన సందర్భాలలో దాదాపు ప్రతిచోటా మధ్యలో తెలుగు ఉంది. తెలుగును పక్కకు నెట్టిన చోట ఆ కావ్యం కంఠపాఠంగా మిగిలింది.

వెంకటేశం ఇంగ్లీషు

కంఠపాఠపు చదువును గురజాడ అప్పారావు కన్న స్పష్టంగా చూపినవారు లేరు. వారు 1884లో విజయనగరం మహారాజా ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. తరువాత కళాశాలలో బోధించారు. బడి పిల్లల నోట ఇంగ్లీషు పద్యం ఏమవుతుందో ప్రతిరోజూ విన్నవారు. 1892లో ప్రదర్శితమై, 1897లో తొలి ముద్రణ, 1909లో సమూలంగా పెంచిన మలి ముద్రణ పొందిన కన్యాశుల్కంలో ఆ అనుభవం నాటకీయ సన్నివేశమైంది.

రెండో అంకంలో అగ్నిహోత్రావధానుల ఇంట్లో తల్లి ముచ్చట తీర్చడానికి వెంకటేశం, గిరీశం ఇంగ్లీషులో 'మాట్లాడతారు'. గిరీశం శిష్యుణ్ణి షేక్‌స్పియర్ పేరు పెట్టి పిలుస్తాడు. ఆ తరువాత ఇద్దరి మధ్య దొర్లేవి మాటలు కావు, బడి పుస్తకాల తునకలు. జేన్ టేలర్ 1806లో ప్రచురించిన నక్షత్ర గేయం వస్తుంది. ఫెలీసియా హెమన్స్ 1826లో రాసిన కాసాబియాంకా పద్యం మొదటి పాదం వస్తుంది. జ్యామితి సూత్రం వస్తుంది. మిల్టన్ మహాకావ్య ప్రారంభంలోని నిషిద్ధ వృక్షం మామిడి చెట్టయి కూర్చుంటుంది. నామవాచకాల బహువచన సూత్రం వస్తుంది. వెంకమ్మకు ఇదంతా సంభాషణే. కొడుకు ప్రయోజకుడైనాడన్న ఆనందమే ఆమెకు మిగిలింది.

ఈ ఘట్టాన్ని విమర్శకులు సాధారణంగా గిరీశం టక్కరితనానికి ఉదాహరణగా తీసుకుంటారు. పాఠ్యాంశ చరిత్ర దృష్టితో చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. ఈ తునకలేవీ గిరీశం కల్పించినవి కావు. ఆనాటి మాధ్యమిక తరగతుల చదువు అదే. గీతం, వీరగాథ, మహాకావ్యం, వ్యాకరణం, రేఖాగణితం అన్నీ ఒకే బరువుతో, ఒకే పద్ధతిలో పిల్లవాడి నోట్లో చేరాయి. నక్షత్రాన్ని చూసి ఆశ్చర్యపడే గీతానికీ బహువచన సూత్రానికీ తేడా లేకుండా పోయింది.

కాసాబియాంకానే తీసుకుంటే, 1798 నాటి నైలు యుద్ధంలో తగలబడుతున్న ఓడ మీద తండ్రి ఆజ్ఞ లేనిదే కదలనని నిలబడిన పసివాడి కథ అది. తండ్రి అప్పటికే చనిపోయాడు, పిల్లవాడికి ఆ సంగతి తెలియదు. వెంకటేశం వయసు పిల్లవాణ్ణి కుదిపివేయగల వస్తువు ఇంతకన్న ఏముంటుంది? తండ్రి మాట కోసం అడవికి వెళ్ళిన రాముడు, తండ్రి మాటను ధిక్కరించిన ప్రహ్లాదుడు ఇద్దరినీ ఎరిగిన పిల్లవాడతడు. ఆ ఇద్దరి మధ్య ఈ ఓడ మీది బాలుణ్ణి నిలబెట్టి, వీడు చేసింది సరైనదేనా అని అడిగితే తరగతి గది నిశ్శబ్దంగా ఉండదు. ఆ ప్రశ్న అడిగినవారు వెంకటేశానికి దొరకలేదు.

అదే సన్నివేశంలో మరొక మలుపుంది, దానికి తగిన ప్రాధాన్యం లభించలేదు. మేనమామ కరటక శాస్త్రి పిల్లవాణ్ణి తెలుగు పద్యం చదవమంటాడు. వెంకటేశం నన్నయ భారతంలోని నలదమయంతుల పద్యం అందుకుంటాడు. అర్థం అడిగితే తెలియదు. గిరీశం ఆ నేరాన్ని పిల్లవాడి మీద గాక బడి మీదికి నెడతాడు. అంటే గురజాడ పెట్టిన అభియోగం ఆంగ్ల కావ్యం మీద కాదు. మిల్టన్‌ను చంపిన పద్ధతే నన్నయనూ చంపుతున్నదని వారు పక్కపక్కనే పెట్టి చూపారు. ఇంగ్లీషు వచ్చి తెలుగును పాడుచేసిందని తెలుగు ఆచార్యులు, తెలుగు అడ్డువచ్చి ఇంగ్లీషు రాకుండా పోయిందని ఆంగ్ల ఆచార్యులు చెప్పుకునే మాటలకు ఈ ఒక్క దృశ్యం 1909లోనే సమాధానం.

కథగా మారిన నాటకం, తెలుగైన నాటకం

కంఠపాఠానికి పక్కన మరి రెండు దారులు ఆ కాలంలోనే ఉన్నాయి. మొదటిది కథ. చార్లెస్ ల్యాంబ్, ఆయన అక్క మేరీ కలిసి 1807లో షేక్‌స్పియర్ నాటకాలను పిల్లల కోసం కథలుగా ప్రచురించారు. సుఖాంత నాటకాలను ప్రధానంగా మేరీ, విషాదాంతాలను చార్లెస్ రాశారు. తొలి ముద్రణ ముఖపత్రం మీద మేరీ పేరు లేదు. మద్రాసు పరగణా బడులలో ఉపవాచకంగా, 'నాన్-డిటెయిల్డ్' అన్న పేరుతో తరతరాల తెలుగు పిల్లలు షేక్‌స్పియర్‌ను చదివింది ఈ పుస్తకంలోనే. దీనిలో లాభమూ నష్టమూ రెండూ ఉన్నాయి. పిల్లవాడికి కథ తెలిసింది. కాని నాటకంలో నలుగురు నాలుగు విధాలుగా మాట్లాడే చోట ల్యాంబ్ కథలో ఒకే కథకుడి గొంతు వినిపిస్తుంది. ఎవరు మంచివారో ఎవరు చెడ్డవారో ఆ గొంతే ముందుగా చెప్పేస్తుంది. తీర్పు చెప్పే పని పిల్లవాడికి మిగలదు.

రెండో దారి తెలుగు నాటకం. 1870వ దశకంలో వావిలాల వాసుదేవశాస్త్రి జూలియస్ సీజర్‌ను 'సీజరు చరిత్రము'గా తెలిగించారు. తెలుగులోకి వచ్చిన తొలి ఆంగ్ల నాటకంగా దాన్ని సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. అందులో వారు ఎన్నుకున్న ఛందస్సు తేటగీతి. ఈ ఎంపిక మీద ఒక్క క్షణం నిలవాలి. షేక్‌స్పియర్ నాటకాలలో అధిక భాగం అంత్యప్రాస లేని పద్యం, పాదానికి ఐదు ఊనికలు. తేటగీతి ఉపజాతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, వెరసి ఐదు గణాలు. వృత్తాలకు ఉన్న ప్రాసనియమం దానికి లేదు, యతికి బదులు ప్రాసయతి చెల్లుతుంది. ప్రాస బంధనం లేని, పాదం నుంచి పాదానికి వాక్యం సాఫీగా సాగగల, మాటల తీరుకు దగ్గరైన పద్యం తెలుగులో ఏదని వెదికితే తేటగీతి దగ్గరకే రావాలి. ఐదుకు ఐదు కుదరడం యాదృచ్ఛికమే కావచ్చు, ఎంపిక మాత్రం యాదృచ్ఛికం కాదు. రెండు భాషల పద్యశిల్పాన్ని చెవితో విని చేసిన నిర్ణయం అది.

కందుకూరి వీరేశలింగం చేసిన పని బడికి మరింత దగ్గరిది. వారు 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి'గా అనుసరించి, పేర్లూ వాతావరణమూ తెలుగు చేశారు. ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరంలో ఆడి వెళ్ళిన ఉత్సాహంలో 1880లో తమ విద్యార్థుల చేతనే దాన్ని ఆడించారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన చరిత్ర ఇక్కడి నుంచే మొదలవుతుందని చెప్పేవారున్నారు. విద్యాచరిత్ర దృష్టితో దీన్ని మరోవిధంగా చెప్పాలి: ఒక తెలుగు పండితుడు బడి పిల్లల చేత షేక్‌స్పియర్‌ను ఆడించాడు. ఒకే పోలిక గల కవల అన్నదమ్ములు, వారి సేవకులైన మరో కవలల జంట, ఒకరనుకొని మరొకరిని తిట్టడం, కొట్టడం, ఇంట్లోకి పిలవడం - పన్నెండేళ్ళ పిల్లలు అర్థం అడగనక్కరలేని హాస్యం ఇందులో ఉంది. విషాదాంతాలను వదిలి దీన్ని ఎన్నుకోవడంలోనే ఉపాధ్యాయుడి తెలివి కనిపిస్తుంది. గోల్డ్‌స్మిత్ 'ట్రావెలర్', కూపర్ 'జాన్ గిల్పిన్' కూడా వీరేశలింగం చేతుల మీదుగా తెలుగు పద్యాలయ్యాయి. అదుపు తప్పిన గుర్రం మీద ఊళ్ళు దాటిపోయే బట్టల వర్తకుడి కథ ఆ వయసుకు తగినదే.

రాయప్రోలు సుబ్బారావు గోల్డ్‌స్మిత్ 'హెర్మిట్' ఆధారంగా 'లలిత'ను, టెన్నిసన్ 'డోరా' ఆధారంగా 'అనుమతి'ని రాశారు. ఆ కవియే తరువాత హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ తెలుగు శాఖకు అధ్యక్షత వహించారు. కోస్తాలో మొదలైన ఈ ధార నిజాం రాజధానికి ఆ విధంగా చేరింది. రాజధాని దాటి మేడ్చల్ దాకా చేరిందా అన్నది వేరే ప్రశ్న.

అత్రాఫ్-ఎ-బల్దాలో

చేరలేదు. నిజాం పాలనలో మేడ్చల్ తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో, అంటే నగరం చుట్టూ ఉన్న సర్ఫ్-ఎ-ఖాస్ భూములలో భాగం. ఆ ఆదాయం నేరుగా ప్రభువు సొంత ఖర్చులకు పోయేది. గోదావరి లోయ రైలు మార్గం మేడ్చల్ మీదుగా పోయింది. సికింద్రాబాదు కంటోన్మెంటు దగ్గరే. అక్కడి బ్రిటిషు సైనికుల పిల్లలు, నగరంలోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాల విద్యార్థులు, 1887 నుంచి మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచిన నిజాం కళాశాల విద్యార్థులు ఆంగ్ల కావ్యాలు చదువుతూనే ఉన్నారు. ఇరవై కిలోమీటర్ల దూరంలోని పల్లె పిల్లవాడికి మాత్రం బడి అంటే ముందు ఉర్దూ. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనా మాధ్యమం, ఇంగ్లీషు తప్పనిసరి విషయం. తెలుగుకు శాఖ ఉంది గాని చదువుకు ద్వారమయ్యే అవకాశం లేదు.

అందువల్ల తెలంగాణలో ఆంగ్ల కావ్యం గురించిన చర్చ కోస్తాలోవలె జరగలేదు. జరగడానికి వీలులేదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణంలో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభ గేలి చేసింది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ నాటికి కూడా మాతృభాషలో చదువు అన్నది కోరికే. తన భాషలో బడి లేని చోట పరాయి భాషలోని కావ్యం ఎలా చెప్పాలన్న చర్చ విలాసంగా కనిపిస్తుంది. గిరీశం వంటి పాత్ర విజయనగరంలో పుట్టింది. అదే కాలంలో మేడ్చల్‌లో పుట్టే వీలు లేదు. అక్కడ మోసగించడానికైనా సరిపడా ఇంగ్లీషు చెలామణిలో లేదు.

అయితే నాటకం లేదా? సమృద్ధిగా ఉంది. చిందు భాగవతులు, యక్షగాన బృందాలు, ఒగ్గు కథకులు ఈ ఊళ్ళలో తిరిగారు. చెర్విరాల భాగయ్య యక్షగానాలు పల్లెల్లో విరివిగా ఆడేవారు. కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయే దారి శామీర్‌పేట మీదుగానే. ఈ రంగస్థలాన్ని 1599లో లండనులో లేచిన గ్లోబ్ రంగస్థలం పక్కన పెట్టి చూస్తే పోలికలు బలవంతంగా తెచ్చుకోనక్కరలేదు. రెండింటిలోనూ దృశ్యాన్ని చూపే తెరలు లేవు. అడవి అని పాత్ర చెబితే అడవి, రాత్రి అంటే రాత్రి. రెండింటిలోనూ పాత్ర వచ్చి తానెవరో చెప్పుకుంటుంది. రాజు పక్కనే నవ్వించేవాడు ఉంటాడు, వాడు రాజుకు ఇతరులు చెప్పలేని మాట చెబుతాడు. షేక్‌స్పియర్ కాలంలో ఆడ వేషాలు పిల్లకాయలు వేసేవారు. ఇక్కడ తేడా ఉంది. చిందు యక్షగానంలో స్త్రీలూ ఆడారు. చిందుల ఎల్లమ్మ పురుష వేషాలకే పేరు పొందింది. ఈ సంగతి విన్న ఏడో తరగతి బాలిక 'ట్వెల్ఫ్త్ నైట్'లో మగవేషం వేసిన వయోలాను చూసి విస్తుపోదు. మన ఎల్లమ్మ కూడా వేసింది కదా అంటుంది.

1948 తరువాత పరిస్థితి మారింది. బడులలో తెలుగు వచ్చింది, విశ్వవిద్యాలయంలో ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. ఆ సంధి సమయంలోనే, 1949లో, కె.వి. రెడ్డి దర్శకత్వంలో వాహినీ వారి 'గుణసుందరి కథ' విడుదలైంది. పింగళి నాగేంద్రరావు రచన. లియర్ రాజు కథకు అది జానపద రూపం. ముగ్గురు కూతుళ్ళను రాజు ప్రశ్నిస్తాడు. పెద్దలిద్దరూ పొగుడుతారు. పెళ్ళయిన స్త్రీకి భర్తే ప్రధానమని చిన్న కూతురు అన్నందుకు రాజుకు కోపం వస్తుంది. దీన్ని మన ఆచారానికి తగినట్లు చేసిన మార్పుగా భావించడం పరిపాటి. నిజానికి షేక్‌స్పియర్ నాటకంలో కార్డీలియా చెప్పే సమాధానంలోనే ఆ బీజం ఉంది. వివాహమైతే తన ప్రేమలో సగం భర్తతో వెళ్ళిపోతుందని ఆమె అంటుంది. పింగళి ఆ ఒక్క మాటను పట్టుకుని కథంతా దాని చుట్టూ తిప్పారు. మూలాన్ని శ్రద్ధగా చదివినవారు చేసే పని అది. చివరకు విషాదాన్ని తీసివేసి శుభాంతం చేశారు. ఆ పని ఇంగ్లండులోనే నేహమ్ టేట్ 1681లో చేశాడు. ఆ శుభాంత రూపమే దాదాపు నూటయాభై ఏళ్ళు అక్కడి రంగస్థలాన్ని ఏలింది. ఆ చిత్రాన్ని చూసి కంటతడి పెట్టిన తెలుగు ప్రేక్షకులలో ఎక్కువమందికి లియర్ పేరు తెలియదు. తెలియనక్కరా లేకపోయింది.

సాహిత్యం లేని భాష

1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి అది పూర్వరూపం. ఆ కాలంలో బడి ఇంగ్లీషును మార్చిన ఆలోచన నిర్మాణాత్మక పద్ధతి. ఎంపిక చేసిన వాక్య నిర్మాణాలను, పరిమిత పదజాలాన్ని క్రమంగా అభ్యాసం చేయించాలి, సాహిత్యం తరువాత చూడవచ్చు అన్నది దాని సారం. ఈ మార్పును తెలుగు, ఆంగ్ల సాహిత్యాభిమానులు ఇద్దరూ నిందించారు. ఆ నింద పూర్తిగా న్యాయం కాదు. ప్రాథమిక తరగతులు దాటాకే ఇంగ్లీషు మొదలయ్యే తెలుగు మాధ్యమ బడికి, ఇంట్లో ఆ భాష మాట వినబడని పిల్లవాడికి మిల్టన్‌ను ఇవ్వడం వెంకటేశాన్ని తయారుచేయడమే. ఆ రోగాన్ని వారు సరిగానే గుర్తించారు.

చికిత్సే ఎక్కువైంది. అర్థం లేని కంఠపాఠాన్ని తీసివేయబోయి, కంఠాన్నే తీసివేశారు. 'ఇది కలము, అది బల్ల' అన్న వాక్యాలకు గొంతు పెంచనక్కరలేదు, తగ్గించనక్కరలేదు. కోపం, వేడుక, భయం ఉన్న వాక్యం పిల్లవాడి నోట పలికే సందర్భం పాఠంలో లేకుండా పోయింది. అదే తరగతి తెలుగు గంటలో పోతన పద్యాన్ని రాగయుక్తంగా చదివే సంప్రదాయం కొనసాగుతూనే ఉన్నది. పక్కగదిలో జరుగుతున్నదాన్ని ఆంగ్ల బోధన వినలేదు.

రెండు తరగతి గదులు

నేటి మేడ్చల్, శామీర్‌పేటలలో ఈ చరిత్ర అంతా ఒకేసారి కళ్ళముందు ఉంది. ఐ.సి.ఎస్.ఇ. బడులలో పదో తరగతి నాటకంగా అనేక సంవత్సరాలు 'మర్చెంట్ ఆఫ్ వెనిస్' ఉండేది. 2025 పరీక్ష నుంచి 'జూలియస్ సీజర్' వచ్చింది. ఆ నాటకానికి సన్నాహం కింది తరగతులలో సంగ్రహ రూపాలతో, అంటే ల్యాంబ్ దారిలో సాగడం సహజం. సి.బి.ఎస్.ఇ. బడులలో చాలాకాలం వాడుకలో ఉన్న ఎనిమిదో తరగతి ఆంగ్ల వాచకంలో కీట్స్ కీచురాయి, మిడత మీద రాసిన పద్యం, బ్లేక్ రాసిన బడిపిల్లవాడి పద్యం ఉండేవి. ఈ రెండోదాన్ని పాఠ్యపుస్తకంలో పెట్టడం విశేషమే. వేసవి ఉదయాన బడికి పోవలసివచ్చిన పిల్లవాడి దుఃఖం అది. పంజరంలోని పక్షి పాడగలదా అని అతడు అడుగుతాడు. ఆ ప్రశ్నను నమోదు చేసుకుని, పద్యం చివర 'సరైన సమాధానాన్ని గుర్తించండి' అని రాస్తే పద్యం చెప్పిన మాటను బడి వినలేదన్నమాట. తెలుగు పిల్లవాడికి పంజరంలో చిలుక కొత్తది కాదు. రవీంద్రుడు చిలుక చదువు మీద రాసిన కథ కూడా ఈ పద్యానికి ఎదురు పుటలో పెట్టదగినది.

ఎదురు పుట అన్న మాట ఇక్కడ ఊరికే వచ్చింది కాదు. ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని తాత్కాలిక ఊతగా, ఇంగ్లీషు వచ్చేదాకా పట్టుకునే కర్రగా చాలామంది భావిస్తున్నారు. తెలుగు పుట ఇంగ్లీషు పుటకు మక్కికి మక్కిగా ఉన్నంతవరకు అది ఊతే. విజ్ఞాన శాస్త్రానికి, గణితానికి అది చాలు. కావ్యానికి చాలదు. కావ్యం విషయంలో ఎదురు పుట మీద ఉండవలసింది అనువాదం కానక్కరలేదు. ఆ భావాన్నే మరో తీరున పలికిన తెలుగు రచన, లేదా వీరేశలింగం చేసినట్లు ఊరూ పేరూ మార్చిన అనుసరణ ఉండవచ్చు. పిల్లవాడు రెండింటి మధ్య తేడా చెప్పవలసి వస్తుంది. తేడా చెప్పాలంటే రెండూ చదవాలి. గిరీశం నాటకంలో ఈసడించుకున్న తర్జుమా అభ్యాసానికీ దీనికీ పోలిక లేదు. అది మాటకు మాట వెదికించేది, ఇది మాటలోని గొంతును గుర్తింపజేసేది.

ఈ ప్రాంతపు బడులలో మరో చిక్కు కూడా ఉంది. పరిశ్రమలు, నిర్మాణపు పనులు వలస కుటుంబాలను తెచ్చాయి. తెలుగు గంటలో కూర్చున్న పిల్లలలో ఇంట్లో లంబాడీ, హిందీ, ఒడియా మాట్లాడేవారున్నారు. తెలుగు అందరికీ తల్లి భాష అనుకుని చేసే ఏ ప్రతిపాదనా ఇక్కడ నిలవదు. అయితే ఆటకు ఈ అడ్డు తక్కువ. ఎలిజబెత్ రాణి కాలపు నటులకు నాటకం మొత్తం ఇచ్చేవారు కాదు. ఎవరి మాటలు వారికి, వాటికి ముందు వచ్చే రెండు మూడు మాటల సూచనతో చీటీలుగా రాసి ఇచ్చేవారు. ఎదుటివాడు ఏమంటాడో వినకపోతే తన వంతు ఎప్పుడో తెలియదు. ఇలాంటి చీటీ రెండు వాక్యాలకు మించకుండా చేసి ఏడో తరగతి పిల్లవాడికి ఇవ్వవచ్చు. సీజర్ హత్యానంతరం ఆంటొనీ ప్రసంగించే ఘట్టంలో జనసమూహం కూడా ఒక పాత్రే. వారి మాటలు చిన్నవి, అరుపులు. నలభైమంది ఉన్న తరగతి మొత్తం అందులో పడుతుంది. ఎవరి భాషలో వారు అరవవచ్చు, ఆంటొనీ మాత్రం ఇంగ్లీషులో మాట్లాడాలి. బ్రూటస్‌ను మెచ్చుకున్న జనం కొద్దిసేపటికే అతని ఇల్లు తగలబెట్టడానికి పరుగెత్తుతారు. మధ్యలో ఏం జరిగింది, ఆంటొనీ ఏ మాటను ఎన్నిసార్లు తిప్పి తిప్పి అన్నాడు, వీలునామా సంగతి ఎప్పుడు బయటపెట్టాడు అన్నవి ఆ జనంలో నిలబడి అరిచిన పిల్లవాడికి బాగా గుర్తుంటాయి. ఎన్నికల సభల మైకులు వినిపించే ఊళ్ళలో ఆ దృశ్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

పద్యం విషయంలో తెలుగు ఉపాధ్యాయుడి చేతిలో ఇంకా సూక్ష్మమైన సాధనముంది. ఉన్నత పాఠశాల స్థాయిలో పిల్లలు గురులఘువులు గుర్తించడం నేర్చుకుంటారు. దీర్ఘమూ హ్రస్వమూ లెక్కించే ఆ చెవికి ఇంగ్లీషు పద్యం మొదట అడ్డదిడ్డంగా వినిపిస్తుంది. అక్కడ లెక్క మాత్రల మీద కాదు, ఊనిక మీద. తెలుగు పద్యంలో ప్రాస పాదం మొదట, రెండో అక్షరంలో ఉంటుంది. ఇంగ్లీషు పద్యంలో పాదం చివర ఉంటుంది, షేక్‌స్పియర్ సంభాషణలలో తరచు అసలే ఉండదు. గురులఘువులు వచ్చిన పిల్లవాడికి ఈ తేడా ఒక గంటలో చెప్పవచ్చు. రానివాడికి ఏడాదంతా చెప్పినా పట్టుబడదు. ఆ పాఠం చెప్పదగినవాడు తెలుగు ఉపాధ్యాయుడే, ఛందస్సు అతని విషయం గనుక. బడి కాలపట్టికలో మాత్రం అతనికి ఆంగ్ల పద్యంతో సంబంధం లేదు. 1880లో రాజమహేంద్రవరపు పిల్లల చేత షేక్‌స్పియర్‌ను ఆడించిన తెలుగు పండితుడికి అలాంటి హద్దు ఉన్నట్లు కనిపించదు.

సీజర్ నేడు శామీర్‌పేట ఐ.సి.ఎస్.ఇ. విద్యార్థి చదవవలసిన నాటకం. తేటగీతి లక్షణం మేడ్చల్ జిల్లా పరిషత్ పాఠశాలలోని తెలుగు విద్యార్థికీ తెలియవలసిన ఛందస్సు. సీజర్‌ను తేటగీతిలో చెప్పిన వాసుదేవశాస్త్రి పుస్తకం ఈ రెండు బడులలో దేనికీ పాఠ్యాంశం కాదు.